సెన్సర్ పోయిందన్నారా? పాత బెంజ్‌కి కొత్తది కొనే ముందు ఇంట్లోనే చెక్ చేసుకోవడం ఎలా

చెక్ ఇంజన్ లైట్ వెలిగింది, గ్యారేజ్‌కి పట్టుకెళ్తే కుర్రాడు స్కానర్ గుచ్చి రెండు నిమిషాల్లో "సార్, ఆక్సిజన్ సెన్సర్ పోయింది సార్, మార్చేద్దాం" అన్నాడు, మీరు సరే అన్నారు, బిల్లు కట్టారు, నాలుగు రోజులు బానే ఉంది, అయిదో రోజు పొద్దున్నే ఆఫీసుకి పోతుంటే మళ్ళీ అదే లైటు. నాకూ అచ్చంగా ఇదే జరిగింది. మొదట ఆక్సిజన్ సెన్సర్ మార్పించా, తర్వాత నేనే పెద్ద తెలివిగా మాఫ్ సెన్సర్ (ఇంజన్‌లోకి వెళ్ళే గాలిని కొలిచేది) కొని వేసుకున్నా, చివరికి తేలిందేంటంటే రెండూ బాగానే ఉన్నాయి, ఇంజన్ పక్కన కింద కనపడని చోట ఒక రబ్బరు గొట్టం చిట్లింది, అంతే. ఇరవై ఏళ్ల రబ్బరు మన ఎండలకి చిట్లక ఏం చేస్తది. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు గొట్టం చేసిన తప్పుకి సెన్సర్లని పీకి పారేశా.

కోడ్ అనేది ఫిర్యాదు మాత్రమే. ఫలానా సెన్సర్‌కి ఫలానా తేడా కనపడింది అని ఈసీయూ (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్) చెప్తది, ఆ తేడా ఎందుకొచ్చిందో దానికి తెలీదు. అది వెతకాల్సింది మనమే, దానికి పెద్ద వర్క్‌షాప్ అక్కర్లేదు, ఒక ఆదివారం పొద్దున ఖాళీ ఉంటే చాలు.

నా దగ్గరున్నది 2005 మోడల్ సీ180 కంప్రెసర్, డబ్ల్యూ203 బాడీ, 1796 సీసీ ఎం271 ఇంజన్, 143 హార్స్‌పవర్. ఉదాహరణలన్నీ దాన్నుంచే చెప్తా, కానీ డబ్ల్యూ211 ఈ-క్లాస్ అయినా బీఎండబ్ల్యూ ఈ46, ఈ60 అయినా ఆ రోజుల్లో వచ్చిన ఆడి ఏ4 అయినా పెట్రోల్ బండి ఐతే లాజిక్ ఇదే. డీజిల్ వాళ్ళకి సగమే పనికొస్తది, రైల్ ప్రెషర్, ఈజీఆర్ అవన్నీ వేరే కథ.

ముందు సామాన్లు

ఒక ఓబీడీ స్కానర్ (ఈసీయూ రాసుకున్న కోడ్లు చదివేది) కావాలి. మన దేశంలో ఓబీడీ-2 తప్పనిసరి చేసింది 2013 ఏప్రిల్ నుంచే, కాబట్టి "2005 బండికి ఇవి పనిచేయవు" అని కొంతమంది అంటారు, నమ్మకండి, యూరప్‌లో పెట్రోల్ కార్లకి 2001 నుంచే ఆ రూల్ ఉంది, అక్కడ డిజైన్ అయిన ఇంజనే కాబట్టి మన పుణెలో బిగించిన బండ్లకీ డ్రైవర్ సైడ్ డాష్‌బోర్డ్ కింద ఆ 16 పిన్నుల సాకెట్ ఉంటది. ఫోన్‌కి బ్లూటూత్‌తో కనెక్ట్ అయ్యే చిన్న డబ్బీ ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది, కాకపోతే మరీ చవక క్లోన్లు కొన్ని పాత బెంజ్‌తో మాట్లాడవు, రిటర్న్ ఉన్న చోట కొనుక్కోండి. ఈ డబ్బీలు మామూలు ఇంజన్ కోడ్లు, లైవ్ డేటా చూపిస్తాయి, మనకి కావాల్సిందీ అదే. బెంజ్ సొంత కోడ్లు, గేర్‌బాక్స్, ఏబీఎస్ లోపలికెళ్ళి చూడాలంటే మాత్రం స్టార్ డయాగ్నసిస్ (బెంజ్ సొంత స్కానర్) గానీ లేదా ఆ బ్రాండ్‌కి సపోర్ట్ ఉన్న చేతి స్కానర్ గానీ ఉండాలి.

ఇంకా ఒక మల్టీమీటర్, టార్చి, నాలుగు గుండుసూదులు, మాఫ్ క్లీనర్ స్ప్రే. ఈ8 సాకెట్ ఒకటి కూడా తెచ్చుకోండి, ఎందుకో క్రాంక్ సెన్సర్ దగ్గర చెప్తా. నోట్‌బుక్ అక్కర్లేదు, ఫోన్‌లో ఫోటోలు తీసుకుంటే చాలు.

కోడ్ చెరిపేయకండి

అందరూ చేసే మొదటి తప్పు ఇదే. స్కానర్ కొన్న ఉత్సాహంలో కోడ్ చదవగానే క్లియర్ బటన్ నొక్కేస్తారు. కోడ్‌తో పాటు ఈసీయూ ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఒకటి దాస్తది, అంటే ఆ తప్పు కనపడిన క్షణంలో ఆర్‌పీఎం ఎంత, స్పీడ్ ఎంత, ఇంజన్ వేడి ఎంత, లోడ్ ఎంత అని. క్లియర్ కొడితే అదీ పోతది. పీ0171 (గాలికి తగ్గ పెట్రోల్ చాలట్లేదని చెప్పే కోడ్) వచ్చిందనుకోండి, ఫ్రీజ్ ఫ్రేమ్‌లో ఆర్‌పీఎం 750, స్పీడ్ సున్నా ఉంటే సిగ్నల్ దగ్గర నిలబడినప్పుడు వచ్చింది, అదే 3000 ఆర్‌పీఎం, 90 స్పీడ్ ఉంటే ఓఆర్ఆర్ (హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు) మీద వచ్చింది, ఈ రెండిటికీ కారణాలు పూర్తిగా వేరు. ముందు స్క్రీన్‌షాట్ తీయండి, ఆ తర్వాతే ఏదైనా.

మార్చిన నాలుగు రోజుల దాకా లైట్ రాకపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. పార్ట్ వేశాక మెకానిక్ కోడ్ చెరిపేస్తాడు, ఇలాంటి తప్పుల్లో చాలావాటిని ఈసీయూ వరసగా రెండు ట్రిప్పుల్లో చూస్తేగానీ లైట్ వెలిగించదు, పైగా నేర్చుకున్న లెక్కలన్నీ మళ్ళీ మొదట్నుంచి నేర్చుకోవాలి. ఆ నాలుగు రోజులు మీకు రిపేర్ అయినట్టు అనిపిస్తది.

ఇంకో మాట, ఒకేసారి నాలుగైదు సెన్సర్ల కోడ్లు వచ్చాయంటే సంతోషించండి. నాలుగు సెన్సర్లు మాట్లాడుకుని ఒకే రోజు చావవు కదా. చాలా సెన్సర్లకి ఈసీయూ నుంచి ఒకే 5 వోల్టుల సప్లై పంచుకుని వెళ్తది, అందులో ఒకటి లోపల షార్ట్ అయితే మిగతావన్నీ పడిపోతాయి. లేదా ఎర్త్ వదులైంది, లేదా ఫ్యూజు, లేదా బ్యాటరీ.

బ్యాటరీ, ఎర్తింగ్

ఇది బోర్ కొట్టే స్టెప్పే గానీ దాటేయకండి. రాత్రంతా ఆపి ఉంచిన బండికి పొద్దున మీటర్ పెడితే 12.4 నుంచి 12.6 ఉండాలి. స్టార్ట్ అయ్యాక 13.8 నుంచి 14.4. సెల్ఫ్ కొట్టేటప్పుడు 10 వోల్టుల కిందకి జారిపోతుంటే బ్యాటరీ సంగతి ముందు చూడండి, ఎందుకంటే వోల్టేజ్ పడిపోతే కంట్రోల్ యూనిట్లు పిచ్చిపిచ్చి కోడ్లు రాసుకుంటాయి, వాటిని పట్టుకుని సెన్సర్లు కొంటే ఇక అంతే. డబ్ల్యూ211 వాళ్ళకి మెయిన్ బ్యాటరీ డిక్కీలో ఉంటది, చాలామందికి ఇదే తెలీదు, బానెట్ కింద వెతుకుతుంటారు.

ఎర్త్ చెక్ చేయాలంటే ఇంజన్ నడుస్తుండగా మీటర్ ఒక ముల్లు బ్యాటరీ నెగెటివ్ మీద, ఇంకోటి ఇంజన్ మీద రంగు లేని ఇనప భాగం మీద పెట్టి, లైట్లు, ఏసీ వేయండి. 0.1, 0.2 వోల్టులు దాటితే ఎర్త్ కేబుల్ తుప్పు పట్టిందని అర్థం. ఫ్యాన్లకి, బెల్టుకి దూరంగా చెయ్యి పెట్టండి, వదులు చొక్కాలు వద్దు.

పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఒకసారి

ఇది నాకు చాలా ఇష్టమైన టెస్టు, ఎందుకంటే పైసా ఖర్చు లేదు, పానా పట్టుకోవాల్సిన పని లేదు. రాత్రంతా ఆగిన బండిలో తాళం ఆన్ చేయండి, స్టార్ట్ చేయొద్దు. లైవ్ డేటాలో కూలెంట్ టెంపరేచర్, ఇన్‌టేక్ ఎయిర్ టెంపరేచర్ రెండూ చూడండి. రెండూ బయటి వాతావరణానికి దగ్గర్లో, ఒకదానికొకటి రెండు మూడు డిగ్రీల తేడాలో ఉండాలి. డిసెంబర్ పొద్దున బయట 16 ఉంటే అవీ 16, 17 చూపించాలి. కూలెంట్ 45 అంటోందంటే అబద్ధం చెప్తోంది. మైనస్ 40 చూపిస్తే వైరు తెగింది లేదా ప్లగ్ ఊడింది, 130 పైన చూపిస్తే షార్ట్ అయింది.

కూలెంట్ సెన్సర్ అబద్ధం చెప్తే ఏమవుతదంటే, ఇంజన్ వేడెక్కినా చల్లగానే ఉందనుకుని ఈసీయూ పెట్రోల్ ఎక్కువ పోస్తది, మైలేజ్ పడిపోతది, సైలెన్సర్ దగ్గర పెట్రోల్ వాసన వస్తది. లేదా సిగ్నలే లేకపోతే భయంతో రేడియేటర్ ఫ్యాన్‌ని ఫుల్ స్పీడ్‌లో తిప్పేస్తది, బండి ఆటో కంటే ఎక్కువ సౌండ్ చేస్తది. సెన్సర్ ఊడదీసి మీటర్‌తో ఓమ్స్ చూసుకోవచ్చు, చాలా బాష్ టైపు సెన్సర్లకి 20 డిగ్రీల దగ్గర 2500 ఓమ్స్ చుట్టుపక్కల, 80 డిగ్రీల దగ్గర 320 చుట్టుపక్కల ఉంటది, వేడి పెరిగేకొద్దీ నున్నగా తగ్గాలి, మధ్యలో గెంతకూడదు. గ్లాసులో వేడినీళ్ళు పోసి ముంచి చూడొచ్చు.

తర్వాత బండి స్టార్ట్ చేసి నడపండి. పావుగంటలో 85, 90కి రావాలి. రోడ్డు మీద 65, 70 దగ్గరే ఆగిపోయి, ట్రాఫిక్‌లో నిలబడితేనే పైకి పోతుంటే సెన్సర్ బాగానే ఉంది, థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోయింది. పీ0128 కోడ్ దీనికే వస్తది, దీనికీ "టెంపరేచర్ సెన్సర్ పోయింది" అని మార్చేవాళ్ళున్నారు.

అసలు విషయం: ఫ్యూయల్ ట్రిమ్

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, ఇది అర్థమైతే సగం గ్యారేజీల కంటే మీకే ఎక్కువ తెలిసినట్టు.

ఈసీయూ పనేంటంటే లోపలికి ఎంత గాలి వస్తోందో మాఫ్ సెన్సర్‌ని అడుగుతది, దానికి తగ్గ పెట్రోల్ పోస్తది, బయటికొచ్చిన పొగలో ఆక్సిజన్ ఎంతుందో ఆక్సిజన్ సెన్సర్‌ని అడుగుతది, తేడా ఉంటే పెట్రోల్ పెంచుతది లేదా తగ్గిస్తది. ఆ పెంచిన తగ్గించిన శాతమే ఫ్యూయల్ ట్రిమ్. క్షణక్షణం మారేది షార్ట్ టర్మ్, నేర్చుకుని దాచుకున్నది లాంగ్ టర్మ్. ప్లస్ అంటే పెట్రోల్ ఎక్కువ పోయాల్సి వస్తోందని, మైనస్ అంటే తగ్గించాల్సి వస్తోందని. రెండూ కలిపి ప్లస్ మైనస్ 10 లోపల ఉంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నట్టే. ప్లస్ 20, 25 దాటితే పీ0171 వస్తది, వీ6 అయితే రెండో బ్యాంకుకి (రెండో వైపు సిలిండర్లకి) పీ0174.

ఇప్పుడు మన దగ్గర కొత్త తిరకాసు ఒకటుంది, ఈ20 పెట్రోల్, అంటే 20 శాతం ఇథనాల్ కలిపింది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటది కాబట్టి మామూలు పెట్రోల్‌కి గాలి 14.7 వంతులు కావాలంటే ఈ20కి 13.5 దగ్గరే సరిపోతది, అంటే అదే గాలికి పెట్రోల్ ఎక్కువ పోయాలి. 2005 బండికి ఆ లెక్క తెలీదు, అది ఆక్సిజన్ సెన్సర్ చూసి సర్దుకుంటది, ట్రిమ్ ప్లస్ 6 నుంచి 8 దాకా ఊరికే పెరుగుతది. దాన్ని చూసి కంగారుపడి మాఫ్ కొనకండి. కానీ ఒకటి గమనించండి, ముందే ప్లస్ 12లో లాక్కొస్తున్న ముసలి బండికి ఈ 8 కలిస్తే లైట్ వెలిగేస్తది, "కొత్త పెట్రోల్ పోయించినప్పట్నుంచే ప్రాబ్లం" అనేవాళ్ళలో చాలామంది కథ ఇదే, పాత లీకేజీ ఒకటి లోపల దాక్కుని ఉంటది.

ఇప్పుడు టెస్టు. ఇంజన్ పూర్తిగా వేడెక్కాక, ఏసీ ఆపేసి, ఐడ్లింగ్‌లో ట్రిమ్ ఎంతో చూడండి, ఫోటో తీయండి. తర్వాత పెడల్ నొక్కి 2500 ఆర్‌పీఎం దగ్గర ఒక నిమిషం పట్టుకుని మళ్ళీ చూడండి.

ఐడ్లింగ్‌లో ప్లస్ 22, 2500లో ప్లస్ 6కి దిగిందంటే ఎక్కడో గాలి లీక్ ఉంది. ఎందుకంటే ఐడ్లింగ్‌లో లోపలికెళ్ళే గాలే తక్కువ, అందులో చిల్లు నుంచి దొంగగా దూరే గాలి వాటా పెద్దది, ఆర్‌పీఎం పెరిగితే అసలు గాలి ఎక్కువై దొంగ గాలి లెక్కలోకి రాదు. నాది సరిగ్గా ఇదే, ఇది ముందే చూసుంటే రెండు సెన్సర్ల డబ్బులు మిగిలేవి.

ఐడ్లింగ్‌లో పర్లేదు, 2500లో, ఇంకా రోడ్డు మీద లోడ్‌లో ప్లస్ 20కి ఎగబాకుతోందంటే మాఫ్ గాలిని తక్కువ లెక్కపెడుతోంది, లేదా పెట్రోల్ ప్రెషర్ చాలట్లేదు, అంటే పంపు, ఫిల్టర్. ఈ రెండిటిని విడదీయడం మాఫ్ దగ్గర చెప్తా.

రెండు చోట్లా మైనస్ 15, 20 ఉంటే ఇంజెక్టర్ కారుతోంది, లేదా ఆ కూలెంట్ సెన్సర్ అబద్ధం, లేదా మాఫ్ ఎక్కువ చెప్తోంది. ఇంజన్ ఆయిల్ డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి, పెట్రోల్ కంపు కొడితే ఇంజెక్టర్ అనుమానం పెంచుకోండి.

గాలి లీక్ అని తేలితే ఎం271లో మొదట చూడాల్సింది బ్రీదర్ గొట్టాలు (ఇంజన్ లోపలి ఆవిర్లని ఇన్‌టేక్‌లోకి పంపేవి), ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద దాక్కుని ఉంటాయి, చేత్తో తడిమితే గట్టిపడి పెళుసుగా తగులుతాయి. బీఎండబ్ల్యూ ఎం54 ఇంజన్ వాళ్ళకి క్రాంక్‌కేస్ వెంట్ వాల్వు, దాని పైపులు, ఇన్‌టేక్ బూట్. ఆయిల్ మూత తీసినప్పుడు ఐడ్లింగ్ ఏం మారకపోయినా, లేదా మూత విపరీతంగా లోపలికి పీల్చుకుంటున్నా బ్రీదర్ సిస్టమ్‌లో తేడా ఉన్నట్టే. చెవి పెట్టి వింటే ఉస్సుమని సౌండ్ వస్తది. దొరక్కపోతే స్ప్రే బాటిల్‌తో నీళ్ళు సన్నగా కొట్టండి, చిల్లు మీద పడగానే ఐడ్లింగ్ ఒక్క క్షణం మారుతది. కాయిల్స్ మీద, ఈసీయూ మీద కొట్టొద్దు. కొంతమంది కార్బ్ క్లీనర్ కొడతారు, వేడి ఇంజన్ మీద అది మండుతుంది, నేనైతే చేయను. అగరుబత్తి పొగతో, బీడీ పొగతో లీక్ పట్టే మహానుభావులు కూడా ఉన్నారు, పెట్రోల్ బండి దగ్గర నిప్పు వద్దండి బాబూ. స్మోక్ మెషిన్ ఉన్న గ్యారేజ్‌లో పావుగంట పని, దానికి డబ్బులిచ్చినా దండగ కాదు.

మాఫ్

వేడిగా ఉన్న ఐడ్లింగ్‌లో ఇంజన్ ఎన్ని లీటర్లో దాదాపు అన్ని గ్రాములు, లేదా కొంచెం ఎక్కువ గాలి సెకనుకి వెళ్ళాలి. 1.8 లీటర్‌కి 2 నుంచి 3 గ్రాములు, 3 లీటర్ల వీ6కి 3 నుంచి 5. ఇది మోటు లెక్కే కానీ పనికొస్తది. ఫుల్ పెడల్‌లో అయితే గ్రాముల్ని 1.25తో గుణిస్తే హార్స్‌పవర్‌కి దగ్గరగా రావాలి, నా 143 గుర్రాలకి పైన దాదాపు 110 గ్రాములు కనపడాలి. ఈ టెస్టు ఖాళీ రోడ్డు మీద, పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టి ఫోన్ వాడి చేతికిచ్చి చేయండి, మీరు నడుపుతూ స్క్రీన్ చూడకండి.

ట్రిమ్ లోడ్‌లో పెరుగుతూ, మాఫ్ 110కి బదులు 75 దగ్గరే ఆగిపోతే మాఫ్ మీద అనుమానం పడొచ్చు, అయితే ఎయిర్ ఫిల్టర్, క్యాటలిటిక్ (సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే డబ్బా) మూసుకుపోయినా గాలే తక్కువ వెళ్తది, కానీ అప్పుడు ట్రిమ్ మామూలుగానే ఉంటది, ఆ తేడా గుర్తుపెట్టుకోండి. మాఫ్ సరిగ్గా 110 చూపిస్తూ ట్రిమ్ మాత్రం పెరుగుతుంటే పెట్రోల్ ప్రెషర్ చూపించండి.

ఇంకో మోటు టెస్టు, ఇంజన్ ఆపి మాఫ్ ప్లగ్ పీకి మళ్ళీ స్టార్ట్ చేయండి. ఈసీయూ తన దగ్గరున్న అంచనా లెక్కతో నడుపుతది. ప్లగ్ లేకుండానే బండి బాగా నడుస్తోందంటే మాఫ్ తప్పుడు లెక్క చెప్తోందన్నమాట. దీనివల్ల కొత్తగా మాఫ్ కోడ్ పడుతది, అది మీరు చేసిందే, గాభరా పడకండి.

కొనే ముందు కడగండి. మాఫ్ క్లీనర్‌తో పది పదిహేనుసార్లు దూరం నుంచి కొట్టి, గంట ఆరనిచ్చి పెట్టండి. దూదితో, ఇయర్ బడ్‌తో తుడిచారా, అంతే సంగతులు, లోపల ఫిల్మ్ వెంట్రుక కంటే సుకుమారం. ఆయిల్ పూసి వాడే కాటన్ ఎయిర్ ఫిల్టర్ వేసుకున్నవాళ్ళు మాఫ్ కంప్లైంట్ చేసే ముందు ఆ ఫిల్టర్ సంగతి ఆలోచించుకోండి.

ఆక్సిజన్ సెన్సర్లు

ఎక్కువ నింద పడేది, తక్కువ తప్పు చేసేది ఇదే. క్యాటలిటిక్ ముందున్నది పాతకాలం టైపు అయితే వేడెక్కాక 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య గబగబా పైకీ కిందకీ గెంతుతుండాలి, వెనకది 0.6, 0.7 దగ్గర ప్రశాంతంగా కూర్చోవాలి. వైడ్‌బ్యాండ్ టైపు ఉన్న బండ్లకి ఈ వోల్టేజ్ లెక్క వర్తించదు, అక్కడ ట్రిమ్, లాంబ్డా (గాలి, పెట్రోల్ పాళ్ళు చెప్పే) నంబరే చూసుకోండి.

ముందు సెన్సర్ లీన్ (పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ) అంటోంది, నిజమా అబద్ధమా? ఎయిర్ ఫిల్టర్ తర్వాత గొట్టంలోకి, మాఫ్ దాటాక, ఏదైనా వాక్యూమ్ పైపు ఒక్క క్షణం తీసి పెట్టండి, వోల్టేజ్ కింద పడాలి. పెడల్ ఒక్కసారి గట్టిగా కొట్టండి, 0.8 పైకి లేవాలి. రెండిటికీ వెంటనే స్పందిస్తే అది బతికే ఉంది, పైగా నిజమే చెప్తోంది. పీ0135, పీ0141 లాంటివి మాత్రం హీటర్ కోడ్లు, అక్కడ సెన్సర్ ప్లగ్ పీకి హీటర్ వైర్ల మధ్య ఓమ్స్ చూడండి, కొన్ని ఓమ్స్ రావాలి, మీటర్ ఓపెన్ అంటే హీటర్ తీగ తెగింది, సెన్సర్ నిజంగానే పోయింది. ఓమ్స్ బాగుంటే ఫ్యూజు చూడండి. పీ0420కి వెనక సెన్సర్ మార్చడం అనేది డాక్టర్ మీద కోపంతో థర్మామీటర్ మార్చడం లాంటిది, అది క్యాటలిటిక్ ముసలైపోయిందని చెప్తోంది, లేదా ముందు ఎగ్జాస్ట్ లీక్ ఉందేమో చూసుకోమంటోంది.

క్రాంక్ సెన్సర్, దీనితో ఆటలొద్దు

ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోందో ఈసీయూకి చెప్పేది ఇదే. పోతే లక్షణం ఎలా ఉంటదంటే, గంటసేపు నడిపాక, ఎండలో, ట్రాఫిక్‌లో, బండి ఒక్కసారిగా ఆగిపోతది, మిస్సింగ్ ఉండదు, జర్క్ ఉండదు, ఎవరో స్విచ్ ఆపేసినట్టు. సెల్ఫ్ బాగా తిరుగుతది, స్టార్ట్ కాదు. టో బండి కోసం ఫోన్ చేసి, అరగంట చెట్టు కింద నిలబడి, ఊరికే ఒకసారి ట్రై చేద్దామని తాళం తిప్పితే ఏం జరగనట్టు స్టార్ట్ అవుతది. లోపల కాయిల్ వేడికి ఓపెన్ అయ్యి, చల్లారాక మళ్ళీ కలుసుకుంటోంది. చాలాసార్లు కోడ్ కూడా పడదు, ఒకవేళ పడితే పీ0335.

ఆగిపోయినప్పుడే చేయాల్సిన టెస్టు: సెల్ఫ్ కొడుతూ లైవ్ డేటాలో ఆర్‌పీఎం చూడండి. 150, 200 ఇలా చూపిస్తుంటే క్రాంక్ సెన్సర్ పనిచేస్తోంది, పెట్రోల్ పంపు, రిలే వైపు వెళ్ళండి. సెల్ఫ్ తిరుగుతున్నా సున్నా చూపిస్తే దొంగ దొరికినట్టే, సెన్సర్ కాకపోతే దాని వైరు. రెండు వైర్ల టైపు అయితే వేడిగా ఉన్నప్పుడు ఓమ్స్ కొలవండి, మామూలుగా 700 నుంచి 1200 మధ్య ఉంటది, ఓపెన్ చూపిస్తే ఇక మాటల్లేవు. చల్లారాక కొలిస్తే బాగానే చూపించి మిమ్మల్ని వెర్రివాళ్ళని చేస్తది. మూడు వైర్లుంటే హాల్ టైపు (లోపల ఎలక్ట్రానిక్స్ ఉన్నది), దానికి ఓమ్స్ కొలవకూడదు.

ముందు జాగ్రత్తగా మార్చేయండి అని నేను చెప్పే సెన్సర్ ఇదొక్కటే. ఓఆర్ఆర్ మీద వంద స్పీడ్‌లో ఇంజన్ ఆగితే స్టీరింగ్ బరువెక్కిపోతది, బ్రేక్ రెండు మూడుసార్లు నొక్కాక రాయిలా అవుతది. రేటు కూడా మాఫ్‌తో పోలిస్తే తక్కువే. ఇంజన్ వెనక గేర్‌బాక్స్ కలిసే చోట ఒక్క బోల్టుతో ఉంటది, బెంజ్‌లో ఆ బోల్టు తల బయటికి నక్షత్రంలా ఉంటది, దానికే ఆ ఈ8 సాకెట్. మామూలు పానాతో ప్రయత్నిస్తే తల అరిగిపోతది, తర్వాత ఏడవాలి. ఇంజన్ చల్లారాకే చెయ్యి పెట్టండి, అక్కడ చోటు ఇరుకు.

క్యామ్ సెన్సర్, దాని పక్కింటోళ్ళు

క్యామ్ అంటే ఇంజన్ వాల్వుల్ని తెరిచే షాఫ్టు, అది ఎక్కడుందో చెప్పేది ఈ సెన్సర్. పీ0340 లాంటివి వస్తే సెన్సర్ చూడండి, బండికి రెండు క్యామ్ సెన్సర్లుండి పార్ట్ నంబర్ ఒకటే అయితే అటుదిటు మార్చి చూడండి, కోడ్ సెన్సర్ వెంట వెళ్తే సెన్సర్‌దే తప్పు, ఉన్నచోటే ఉంటే వైరు. పీ0016 వచ్చిందంటే మాత్రం ఆగండి. అది క్రాంక్‌కీ క్యామ్‌కీ లెక్క కుదరట్లేదని చెప్తోంది, ఎం271లో టైమింగ్ చైన్ సాగినా, క్యామ్ అడ్జస్టర్ గేర్లు అరిగినా ఇదే వస్తది. పొద్దున స్టార్ట్ చేసిన మొదటి రెండు సెకన్లు చైన్ గలగలమంటోందా వినండి. అంటోందంటే సెన్సర్ల బేరం మానేసి వెంటనే చైన్ చూపించండి, చైన్ పళ్ళు దాటితే ఇంజనే పోతది.

ఎం271లో, వీ6 ఎం272లో ఇంకో జబ్బు ఉంది. ఇంజన్ ముందు పైన గుండ్రంగా నల్లగా క్యామ్ మాగ్నెట్లు ఉంటాయి, వాటిలోంచి ఆయిల్ కారి ప్లగ్‌లోకి దిగుతది, అక్కడితో ఆగదు, దీపం వత్తి నూనె పీల్చినట్టు వైరు లోపల రాగి పోగుల వెంట పాక్కుంటూ ఈసీయూ ప్లగ్ దాకా చేరుతది. అప్పుడు వచ్చే కోడ్లకి ఒక వరసా వావీ ఉండదు. మాగ్నెట్ ప్లగ్ పీకి లోపల టిష్యూ పెట్టి చూడండి. ఆయిల్ అంటుకుంటే మాగ్నెట్లు మార్చి, మధ్యలో వేసే చిన్న అడాప్టర్ వైరు వేసుకోండి, ఇకమీదట ఆయిల్ వచ్చినా ఆ ముక్కతోనే ఆగుతది. ఈసీయూ ప్లగ్ కూడా విప్పి చూడండి, బ్యాటరీ నెగెటివ్ తీసేశాకే.

వైర్లు, ఎలకలు

సెన్సర్ పోయిందని తేల్చే ముందు దాని ప్లగ్ దగ్గర సప్లై వస్తోందో లేదో చూడాలి. తాళం ఆన్‌లో, గుండుసూదిని ప్లగ్ వెనక నుంచి వైరు పక్కగా దూర్చి మీటర్ పెట్టండి, వైరు తొక్క మాత్రం పొడవకండి, వానాకాలం నీళ్ళు దిగి ఆర్నెల్లకి అక్కడే తుప్పు పడుతది. కొన్నిటికి 5 వోల్టులు, మాఫ్‌కి, ఆక్సిజన్ హీటర్‌కి 12 రావాలి. రాకపోతే కొత్త సెన్సర్ వేసినా ఏం మారదు. ఇంజన్ నడుస్తుంటే వైర్ల కట్టని చేత్తో మెల్లగా కదిపి చూడండి, ఎక్కడ పట్టుకుంటే ఐడ్లింగ్ తడబడుతదో అక్కడ విప్పండి. పసుపు ప్లగ్‌లు కనపడితే ముట్టుకోకండి, అవి ఎయిర్‌బ్యాగ్‌వి.

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నెలల తరబడి పెట్టిన బండి అయితే ముందు ఎలకల కోసం చూడండి, నేను సీరియస్‌గానే చెప్తున్నా. ఇన్‌టేక్ కింద, ఇంజన్ కవర్ కింద పల్లీ తొక్కలు, దూది కనపడితే మీ డయాగ్నసిస్ అక్కడితో అయిపోయినట్టే.

కొనేటప్పుడు

పాత సెన్సర్ మీద అచ్చయిన తయారీ కంపెనీ పేరు, నంబర్ చూసి అదే కొనండి, బెంజ్ డబ్బాలోనే కావాలని లేదు, అదే సెన్సర్ తయారీదారు డబ్బాలో సగం రేటుకి దొరకొచ్చు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో, విజయవాడ ఆటోనగర్‌లో అడిగి చూడండి, లేకపోతే ఢిల్లీ కశ్మీరీ గేట్ వైపు నుంచి తెప్పించేవాళ్ళుంటారు. పేరున్న డబ్బాల్లో డూప్లికేట్లు కూడా తిరుగుతున్నాయి, అచ్చు మసకగా ఉన్నా, ప్లగ్ ప్లాస్టిక్ నాసిగా అనిపించినా తీసుకోకండి. లోకల్ మాఫ్ కంటే కడిగిన ఒరిజినల్ మాఫే నయం, ఇది నా అనుభవం.

వేశాక అప్పుడు కోడ్ చెరపండి, వంద కిలోమీటర్లు సిటీ, హైవే కలిపి నడిపి మళ్ళీ ట్రిమ్ చూడండి, ముందు తీసిన ఫోటో పక్కన పెట్టి పోల్చండి. ఐడ్లింగ్‌లో 22 ఉన్నది 8కి వచ్చిందా, లేదా? లైట్ ఆరడం కాదు, ఆ నంబరు దిగడమే లెక్క. నా బండిలో గొట్టం మార్చిన వారానికి 7 దగ్గర ఆగింది, ఈ20 వాటా తీసేస్తే దాదాపు సున్నానే.

అనవసరంగా పీకేసిన నా పాత మాఫ్, పాత ఆక్సిజన్ సెన్సర్ రెండూ గుడ్డలో చుట్టి డిక్కీలో స్పేర్ టైరు పక్కన పెట్టుకున్నా, పక్కనే ఆ ఈ8 సాకెట్. ఈ మధ్య ఫ్రెండ్ వాళ్ళ సీ180కి పీ0101 (మాఫ్ కోడ్) వస్తే కొత్తది కొనక్కుండా నా పాత మాఫ్ ఒక రోజు వేసి చూశాం, అదే కోడ్ మళ్ళీ వచ్చింది, ప్లగ్‌లో ఒక పిన్ను వెనక్కి జారిపోయి ఉంది, గుండుసూదితో ముందుకి లాగాం, అయిపోయింది.